ఎక్కిన గేరులోనే

మిల్లులో అందరూ ఆమెను మైకక్క అనేవారు. ఆమె గుసగుసగా చెప్పిన రహస్యం కూడా పక్క షెడ్డుదాకా వినపడేది మరి. పెళ్లి కాకముందు నుంచీ మరమగ్గాల మధ్యే పనిచేసి చేసి ఆమె చెవులు చాలావరకు పోయాయి. దగ్గరికొచ్చి గట్టిగా చెబితే వినేది. ఎదురుగా నిలబడి చెబితే పెదవులు చూసి పట్టేసేది. వెనకనుంచి పిలిస్తే మాత్రం గోడను పిలిచినట్టే. తన గొంతు ఎంత పెద్దదో తనకు తెలియదు కనుక, ఇంట్లో మొగుడితో గొడవపడితే వీధి వీధంతా ఆ గొడవలో పాలుపంచుకునేది. అందుకు ఆమె ఏనాడూ సిగ్గుపడలేదు. ఆ సిగ్గంతా ఆమె భర్తే పడేవాడు.

ఆయన ఇళ్లకు రంగులు వేసే మేస్త్రీ. ఆయనకొక పాత కారుండేది. డిక్కీ నిండా రంగు డబ్బాలు, గట్టిపడిన బ్రష్షులు, టాపు మీద నిచ్చెన. మిల్లేమో కొండమీద. పనివాళ్లను తీసుకెళ్లే బస్సును యాజమాన్యం ఆపేశాక, భార్యనూ, అదే వీధిలో ఉండే మరో ముగ్గురు ఆడవాళ్లనూ పొద్దున్నే పైన దించి సాయంత్రం తీసుకురావడం మేస్త్రీ మీద పడింది. ఆయన కాదనలేదు. బండి నడపడమంటే ఆయనకు మహా ఇష్టం. నలుగురు ఆడవాళ్లు చూస్తుండగా నడపడం ఇంకా ఇష్టం.

బండి విషయంలో ఆయనది ఒకటే సూత్రం. ఇంజను ఎంత తక్కువ తిరిగితే అంత మంచిది. ఎత్తు ఎక్కుతున్నా సరే, వీలైనంత తొందరగా పై గేరులోకి నెట్టేసేవాడు. కారు దగ్గుతూ, మూలుగుతూ, చలిజ్వరం పట్టినట్టు వణుకుతూ ఎక్కేది. దిగేటప్పుడు న్యూట్రల్లో పెట్టి వదిలేసేవాడు. "చూశారా, చుక్క పెట్రోలు తాగకుండా ఇంటికి తీసుకుపోతోంది" అని వెనక్కి తిరిగి మరీ చెప్పేవాడు. అలా చెయ్యకూడదని ఎవరైనా అంటే వినే మనిషి కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

ఒకరోజు సాయంత్రం అలాగే దిగుతున్నారు. సగం దారి వచ్చేసరికి కారులో ఏదో మాడిన వాసన. భర్త కాలు బ్రేకు మీద మాటిమాటికీ పడటం మైకక్క చూస్తూనే ఉంది. కాలు పడిన ప్రతిసారీ ముందుకన్నా లోతుకు దిగుతోంది. కారు మాత్రం ఆగాల్సినంత ఆగడం లేదు. ఆమెకు ఇంకో సంగతీ తెలుస్తోంది. కాళ్ల కింద ఇంజను ఉన్నట్టే లేదు. మగ్గానికి బెల్టు తెగితే మోటారు తిరుగుతున్నా మగ్గానికీ దానికీ సంబంధం ఉండదు చూడండి, అలా ఉంది. తరవాతి మలుపు దగ్గర మేస్త్రీ ముఖం రంగు మారింది. రెండు చేతులతో స్టీరింగు తిప్పి రోడ్డు పక్కన పోసి ఉన్న కంకర గుట్టలోకి ఎక్కించాడు. కారు గుట్టలో సగం దూరి ఆగింది.

ఎవరికీ ఏమీ కాలేదు. వెనక కూర్చున్న ఒకామె ఏడుపు మొదలుపెట్టింది.

మేస్త్రీ నుదురు తుడుచుకుని, "బ్రేకులు పాతబడ్డాయి. రేపు మార్పిస్తా" అన్నాడు.

"బ్రేకులకేం, బాగానే ఉన్నాయి," అంది మైకక్క. మామూలుగానే అన్నాననుకుంది. పైమలుపులో వస్తున్న సైకిలువాడు దిగి నిలబడ్డాడు. "ఇంత కొండా వాటి నెత్తినే పెట్టి దింపారు. ఇంజన్ని పనిలోంచి తీసేసి, దాని పని కూడా బ్రేకులతో చేయించారు. మాడక ఏం చేస్తాయి?"

"ఏమే, నువ్వెప్పుడు నేర్చుకున్నావు బండి సంగతులు?"

"నేర్చుకోలేదు. నేర్చుకుంటా."

తలుపు తెరుచుకుని దిగి, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని కిందికి నడవడం మొదలుపెట్టింది. వెనక ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, మేస్త్రీ ముఖం చూడకుండా ఆమె వెంట నడిచారు.

ఆ మాట కోపంలో అన్నదిలే అనుకున్నాడు మేస్త్రీ. మర్నాడు మెకానిక్కు చక్రాలు విప్పి చూసి, బ్రేకులు కాగి చతికిలబడ్డాయంతే, చల్లారాక సరిగ్గానే ఉన్నాయన్నాడు. ఆ మాట ఇంటికి మోసుకురాలేదాయన. తెచ్చిన మాట వేరేది.

"ఇంజను చప్పుడు వింటేనే కదే గేరు మార్చేది!" అన్నాడు ఆమె చెవి దగ్గర. "నీకు పిడుగు పడినా వినపడదు. నీ ముందు ఇంజను పెడితే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే."

"నా మగ్గం చప్పుడు నేను విని ఎన్నేళ్లయిందో తెలుసా? అయినా పోగు తెగబోతే సూపర్‌వైజరు కన్నా ముందు నాకే తెలుస్తుంది."

"మగ్గం రోడ్డు మీదికి రాదు."

"అందుకే బండి నేర్చుకుంటానంటున్నా."

డ్రైవింగు స్కూలుకు వెళ్లింది. అక్కడి మనిషి ఆమె చెప్పేది కాస్త విని, తన చెవులు చూపించి, చేతులు అడ్డంగా ఊపేశాడు. పూచీ తమది కాదట. "పూచీ నిన్నెవడడిగాడు, పాఠం అడిగాను" అనేసి బయటికొచ్చింది. అక్కడినుంచి తిన్నగా పిన్ని ఇంటికి వెళ్లింది.

పిన్ని అంటే ఆమె అమ్మకు చెల్లెలు. పొట్టి మనిషి. స్కూలు పిల్లల వ్యాను నడిపి నడిపి, ఈమధ్యే మానేసింది. ఒకరికి వణికే రకం కాదు. అంతా విని, కట్టుడు పళ్లు సర్దుకుని, "రేపు సెలవే కదా, వేకువనే వస్తా, తాళాలు తీసి ఉంచు" అంది.

"ఆయన తాళాలివ్వరు పిన్నీ."

"తాళాలు మేకుకు వేలాడతాయి. మేకును అడుగు, ఇస్తుంది."

మేకు ఇచ్చింది. మేస్త్రీ నిద్రలేచేసరికి వాకిట్లో కారు లేదు. ఆ రోజంతా వాకిట్లోనే నిలబడ్డాడు. సాయంత్రం పిన్ని నడుపుకొచ్చిన బండికి ముందు ఎడమవైపున ఒక కొత్త గీత. "బండి నాది అత్తయ్యగారూ!" అన్నాడు. "కొన్నది ఇద్దరు, నడిపేది ఒకరు. ఇదేం లెక్క అల్లుడూ?" అని పిన్ని తన దారిన తాను వెళ్లిపోయింది. ఆ రాత్రి ఇంట్లో జరిగిన గొడవ గురించి చెప్పుకోవడం అనవసరం. వీధికి తెలిసిందే. మొత్తానికి ఆపై ప్రతి సెలవుకూ తాళాలు మేకుకే ఉన్నాయి.

మొదట్లో పిన్ని అందరికీ చెప్పినట్టే చెప్పింది. స్పీడు ముల్లు ఇరవైకొస్తే రెండో గేరు, నలభై దగ్గర పడితే మూడో గేరు. మైకక్క బుద్ధిగా ముల్లునే చూసేది. ముల్లు చూస్తే రోడ్డు కనపడదు కదా. ఒకసారి కూరగాయల బండి చక్రానికి జానెడు దూరంలో ఆగారు. పైగా ముల్లు చెప్పేది చదును దారి సంగతే. చిన్న ఎత్తు రాగానే, ముల్లు ఇరవై దాటింది కదా అని రెండు వేస్తే, కారు గొంతులో ముద్ద అడ్డం పడ్డట్టు ఎగిరెగిరి ఆగిపోయేది.

మూడోసారి ఆగిపోయినప్పుడు పిన్ని ఇంజను ఆపించి, ఎదురుగా తిరిగి, పెదవులు స్పష్టంగా కదుపుతూ అడిగింది. "మగ్గం సంగతి నీకెలా తెలుస్తుంది?"

"చెక్క మీద చెయ్యి వేస్తే తెలుస్తుంది. దాని వణుకులోనే ఉంటుంది."

"మరి దీనికీ వణుకుంది కదే!"

మైకక్క ఒక్క క్షణం పిన్నినే చూసి, ఇంజను వేసి, అరచేయి గేరు రాడ్డు మీద పెట్టింది. ఉంది. మగ్గమంత పెద్దగా లేదు గానీ ఉంది. అరచేతికి తెలుస్తోంది. సంబరంగా తలెత్తింది. పిన్ని చటుక్కున ఆ చేతి మీద ఒక్కటి వేసింది.

"ఎప్పుడూ దాని మీదే చెయ్యి పెట్టుకుంటే లోపల గేర్లను కదిపే ఫోర్కులు అరిగిపోతాయి. మార్చేటప్పుడు తప్ప చెయ్యి స్టీరింగు మీదే ఉండాలి. ఇంకో దారి వెతుక్కో."

ఆ ఇంకో దారి ఎడమకాలు. క్లచ్ తొక్కనప్పుడు ఆ కాలు పక్కన నేలమీద ఊరికే ఉంటుంది. చెప్పులతో అయితే ఏమీ తెలియదు, పైగా పెడలు మీద జారతాయి. పిన్ని తన పాత గుడ్డ బూట్లు ఇచ్చింది. అడుగు పలచన. అవి వేసుకుని కూర్చుంటే అరికాల్లోంచి, తొడ కింద సీటులోంచి ఇంజను నెమ్మదిగా మాట్లాడటం మొదలుపెట్టింది. ఆ మాటలు ఒక్కరోజులో అర్థం కాలేదు. కొన్ని వారాలు పట్టింది. తొందరపడి పై గేరు వేస్తే వచ్చే వణుకు మొరటుగా, విడివిడిగా ఉంటుంది, గుండ్రాయి దొర్లినట్టు. ఆ వణుకులో కుడికాలితో యాక్సిలరేటరు గట్టిగా నొక్కితే బండికి బాధే తప్ప బలం రాదు. కింది గేరును మరీ సాగదీస్తే సన్నటి జలదరింపు, కాలు తిమ్మిరెక్కినట్టు. ఈ రెంటికీ మధ్య ఒక చోటుంది. అక్కడ నున్నగా, నిండుగా ఉంటుంది. షెడ్డు మొత్తం మీద మగ్గాలన్నీ సరిగ్గా నడుస్తున్నప్పుడు నేలకుండే పట్టులాంటిది. ఆ చోటు దాటబోయే ముందే గేరు మారాలి. చదునులో అది ముల్లు చెప్పిన దగ్గరే వచ్చేది. నలుగురు ఎక్కితే ఆలస్యంగా వచ్చేది. ఎత్తులో ఇంకా ఆలస్యంగా వచ్చేది. కొన్నిసార్లు అసలు రాదు, ఉన్న గేరులోనే ఉండిపోవాలి.

"అబ్బో, ఇప్పుడు మనుషుల్లో పడ్డావు" అంది పిన్ని. ఆ తరవాత ఆమె చెప్పిన పాఠం అంతా దారి గురించే. "గేరు మలుపులో మార్చేది కాదు, మలుపుకు ముందు మార్చేది. ఎత్తుకు సగంలో కాదు, ఎత్తు మొదట్లో. బండి వచ్చి నిన్ను బతిమాలేదాకా కూర్చున్నావంటే ఆలస్యమైపోయినట్టే."

"మరి దిగేటప్పుడు?"

"ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే. ఎక్కిన గేరులోనే దిగు. బండిని ఇంజను పట్టుకుని ఉంటుంది, బ్రేకు సాయం పడుతుంది. సాయానికొచ్చినవాడి నెత్తిన బరువంతా పెట్టకూడదు."

తప్పులూ చేసింది. ఒకసారి వేగం తగ్గించకుండా నాలుగులోంచి రెండులోకి దూకింది. కారు ముక్కు నేలకు కొట్టుకున్నట్టు ఊగింది. పిన్ని పళ్లు ఊడి ఒళ్లో పడ్డాయి. పళ్లు తీసి తుడిచి పెట్టుకుని, "ముందు వేగం, తరవాత గేరు. మెట్లు రెండేసి దూకితే మోకాళ్లుంటాయా?" అని అరిచింది. మైకక్కకు నవ్వు ఆగలేదు. పిన్నికీ ఆగలేదు. ఇద్దరూ రోడ్డు పక్కన బండి ఆపి నవ్వుతూ కూర్చున్నారు.

పరీక్షలో మొదటిసారి తప్పింది. గేర్లలో కాదు. ఆపేముందు అద్దం చూడలేదు. వినపడని మనిషి అద్దం ఇంకా ఎక్కువ చూడాలమ్మా అన్నాడు పరీక్ష పెట్టినాయన. అన్న మాట న్యాయమైందే కనుక ఆమె ఎదురు చెప్పలేదు. రెండోసారికి పాసయింది. లైసెన్సు తెచ్చి భర్త ముందు బల్లమీద పెట్టింది.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఆఫీసువాళ్లు ఇచ్చారు సరే. కొండ ఇవ్వద్దూ?" అన్నాడు.

"అడిగొస్తాం పదండి" అంది ఆమె.

మర్నాటి నుంచి ఆమే నడిపింది. అప్పట్లో మిల్లు ఆఫీసు గదులకు రంగులు వేసే పని మేస్త్రీకే వచ్చింది కాబట్టి ఆయనా రోజూ పక్కసీట్లో కూర్చునేవాడు. కూర్చుని ఊరుకుంటే బాగానే ఉండేది. ఎలాగూ వినపడదని, గేరు మార్చాల్సినప్పుడల్లా ఆమె భుజం మీద వేళ్లతో కొట్టేవాడు. ఒక దెబ్బకు పైకి, రెండు దెబ్బలకు కిందికి. కొట్టేది ఆయన లెక్క ప్రకారమే. బండి ఇంకా పరుగందుకోకముందే ఒక దెబ్బ. మలుపు మధ్యలో రెండు. కొన్నాళ్లు ఆమె పెడచెవిన పెట్టింది. దానికి ఆమెను మించినవాళ్లు లేరు. ఒకరోజు విసిగి, "నా భుజం డోలు కాదు, వాయించకండి" అంది. వెనకాల ముగ్గురూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మేస్త్రీ ఆ వారమంతా ముభావంగా ఉన్నాడు. కొట్టడం మానలేదు.

వాన మొదలైంది ఆ వారంలోనే. ఒక సాయంత్రం షిఫ్టు వదిలేసరికి కొండంతా మబ్బు దిగి ఉంది. రోడ్డు మీద నీళ్లు సన్నగా పారుతున్నాయి. మిల్లు గేటు దాటగానే, వాలు మొదలవకముందే ఆమె వేగం తగ్గించి రెండో గేరు వేసింది. కారు కాస్త బిగుసుకుని, బుద్ధిగా నెమ్మదిగా దిగసాగింది. అరికాలి కింద నున్నటి పట్టు. వెనక ఒక లారీ వచ్చి చేరింది. హారను కొట్టి ఉంటుంది, ఆమెకు వినపడితే కదా. లైట్లు మాత్రం అద్దంలో వెలిగి ఆరుతూ కనపడ్డాయి. ముందు చోటు దొరకగానే దారిస్తాలే అనుకుంది.

మేస్త్రీకి హారను వినపడుతోంది. లారీవాడు తననే తిడుతున్నట్టు ఆయన చెవులు కందిపోయాయి. భుజం మీద ఒకటి కొట్టాడు. ఆమె కదల్లేదు. ఇంకొకటి కొట్టాడు. "న్యూట్రల్లో వదలవే! ఎద్దుబండిలా ఏంటిది!" అని అరిచాడు. ఆమె రోడ్డు చూస్తోంది కనుక ఆ అరుపు వానలో కలిసిపోయింది. అప్పుడాయన చెయ్యి చాచి గేరు రాడ్డు పట్టుకున్నాడు.

ఆయన లాగడం, ఆమె ఎడమచెయ్యి దెబ్బ ఆయన మణికట్టు మీద పడటం ఒకేసారి జరిగాయి. రాడ్డు సగం కదిలింది. అరికాలి కింద ఆ పట్టు ఒక్కసారి తప్పిపోయింది. కారు నీళ్ల మీద ముందుకు జారింది. ఆమె కంగారుపడలేదు. బ్రేకు మీద కాలు మెల్లగా ఆనించి, క్లచ్ తొక్కి, రాడ్డును మళ్లీ రెండులో కూర్చోబెట్టి, క్లచ్ నెమ్మదిగా వదిలింది. పట్టు తిరిగొచ్చింది. మలుపు దాటాక పక్కన కాస్త వెడల్పు చోటుంటే అక్కడ ఆపి హ్యాండు బ్రేకు లాగింది. లారీ పక్కనుంచి వెళ్లిపోయింది.

ఆమె భర్త వైపు తిరిగింది. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. గొంతు మాత్రం కొండ అవతలికి వినపడింది.

"ఈ చెయ్యి ఇంకోసారి ఇటొచ్చిందో, విరిచేస్తా. వెనక సీటెక్కు, లేదా దిగు. నువ్వే తేల్చుకో."

కారులో ఊపిరి పీల్చిన వాళ్లు లేరు. ఆమె బెదిరింపుకు కాదు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె ఆయన్ని 'నువ్వు' అనడం అదే మొదలు.

మేస్త్రీ వెనక్కి చూశాడు. ముగ్గురు ఆడవాళ్లు, వాళ్ల క్యారేజీలు. అక్కడ వాళ్ల మధ్య ఇరుక్కుని కూర్చోవడం ఊహించుకుని ఉంటాడు. తలుపు తీసి వానలో దిగాడు.

"బావగారూ, తడుస్తారు!" అంది వెనకామె.

"తడవనీ," అంది మైకక్క, ఎవరేమన్నారో పెదవులు చూసి పట్టి. "ముందుకు రావే నువ్వు."

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ సాయంత్రం ఆ రోడ్డు మీద ఇద్దరు మొండివాళ్లున్నారు. ఒకరు గొడుగు లేకుండా నడుస్తున్నారు, ఒకరు రెండో గేరులో దిగుతున్నారు. మలుపు తరవాత మలుపు అలాగే దిగింది. వెనక ఎవరి లైట్లు మెరిసినా చోటున్న దగ్గర దారిచ్చింది, చోటు లేని దగ్గర ఇవ్వలేదు. స్టీరింగును ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. కొండ కిందికి వచ్చాక, ముందుకొచ్చి పక్కన కూర్చున్నామె ఆమె చెవి దగ్గరికి వంగి, "అక్కా, ఇందాక భయమేసింది నాకు" అంది. "నాకూ వేసింది," అంది మైకక్క. "అయితే మాత్రం?"

ముగ్గురినీ గుమ్మాల దగ్గర దించింది. ఇంటి ముందు కాసేపు ఇంజను ఆపకుండా కూర్చుంది. తరవాత బండి తిప్పి మళ్లీ కొండెక్కింది. ఆయన మీద జాలి ఒక్కటే కాదు. కొండను ఒంటరిగా ఎక్కి చూడాలనిపించింది.

మేస్త్రీ సగం దూరం దిగి ఉన్నాడు. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. లైట్లు చూసి పక్కకు తప్పుకున్నాడు గానీ తలెత్తలేదు. ఆమె ముందు వెడల్పు చోట బండి తిప్పుకొచ్చి ఆయన పక్కన ఆపి, వెనక్కి చెయ్యి చాచి వెనక తలుపు తెరిచింది. ముందు తలుపు ముట్టుకోలేదు.

"ఎక్కండి," అంది.

'మీరు' తిరిగొచ్చింది. ముందు సీటు రాలేదు. ఆయన రెండూ గమనించాడు. కాసేపు వానలో నిలబడి, వెనక సీట్లో ఎక్కి తలుపేసుకున్నాడు. కారు రెండో గేరులో దిగుతోంది. వెనకనుంచి ఆయన ఆమె చేతులను చూస్తున్నాడు, రోడ్డును చూస్తున్నాడు. చివరి మలుపు దాటి దారి చదునైంది. ఆయన ముందుకు వంగి, ఆమె చెవి దగ్గర అన్నాడు.

"ఇప్పుడు మూడు వెయ్యొచ్చు."

ఈసారి భుజం మీద కొట్టలేదు. పైగా చెప్పింది నిజమే. అరికాలి కింద జలదరింపు మొదలై ఆమెకూ అప్పుడే తెలిసింది.

"వెయ్యను," అంది ఆమె.

ముందు ఒక దీపస్తంభం కనపడింది. అది దాటేదాకా పంతం పట్టి రెండులోనే నడిపింది. దాటాక, ఎవరూ చెప్పకుండా తనంతట తానుగా మూడో గేరు వేసింది.